రంగు దిగిన పగడాలు

నేను అండమాన్‌లో పగడపు దిబ్బల మీద పనిచేస్తాను. నాన్నగారికి నరసాపురం బజారులో ఉంగరాల రాళ్ళ దుకాణం. ఇద్దరికీ తిండి పెట్టేది పగడమే అయినా, మా పగడాలు వేరువేరని ఆ జూన్‌లో గానీ తెలిసిరాలేదు.

ఆ ఎండాకాలం సముద్రం కాగి, నేను నాలుగేళ్ళుగా కనిపెట్టుకుని చూస్తున్న దిబ్బంతా పాలిపోయింది. మనసు బాగోక లాంగ్ లీవు పెట్టి ఇంటికొచ్చి, "నా పగడాలు తెల్లబడిపోయాయి నాన్నగారూ" అన్నాను.

"రంగు దిగిందా? అయితే నకిలీవమ్మా. మేం వేడినీళ్ళలో వేసి చూసేది అందుకే. ఎవరి దగ్గర కొన్నావు?"

నాకు ఒళ్ళు మండింది. "కొనలేదండీ, అవి ప్రాణమున్నవి. వాటి ఒంట్లో కంటికి కనపడని నాచు అద్దెకుంటుంది. అద్దె కింద తిండి తయారుచేసి పెడుతుంది. రంగూ దానిదే. నీళ్ళు వేడెక్కితే పగడం దాన్ని గెంటేస్తుంది."

"అన్నం పెట్టేవాళ్ళని గెంటేస్తే ఎలా బతుకుతుంది?"

"కొన్నాళ్ళు పస్తుంటుంది. ఈలోగా నీళ్ళు చల్లబడితే నాచు మళ్ళీ చేరుతుంది. లేకపోతే చచ్చిపోతుంది."

మర్నాటి నుంచి ఆయనకో కొత్త జబ్బు పట్టుకుంది. దుకాణంలో కూర్చుని ఫోన్‌లో అండమాన్ వానలు చూడటం. "అక్కడ ముసురు పట్టిందండి, మా అమ్మాయి పగడాలు కోలుకుంటాయి" అని ఉంగరం కోసం వచ్చినావిడకు చెబితే, ఆవిడ బిక్కమొహం వేసింది. నాకు నవ్వాగలేదు.

లీవు అయిపోవస్తుండగా నాతో పనిచేసే అమ్మాయి నీళ్ళలో తీసిన వీడియో పంపింది. చాలావాటికి గోధుమరంగు తిరిగొచ్చింది.

"ఈ బురద రంగేంటమ్మా?"

"వాటి ఆరోగ్యం రంగు అదేనండి."

గొప్పగా చెబుతుండగానే, మా దుకాణం బల్లంత పగడం తెరమీదికి వచ్చింది. అన్నిట్లోకీ ముసలిది, నాకు మరీ ఇష్టమైనది. చచ్చిన పగడం మీద మొలిచే పిచ్చినాచు ఒళ్ళంతా కప్పేసింది. "ఇది పోయింది" అన్నాను.

నాన్నగారు వీడియో ఆపి, రాళ్ళు చూసే భూతద్దం ఫోన్ మీద పెట్టి, ఆ చివర నుంచి ఈ చివరకు నిదానంగా చూశారు.

"ఈ అంచున వేలిగోరంత ఉంది. ఇది బురద రంగే కదమ్మా?"

బురద రంగే. ఆ కాస్తా బతికుంటే చాలు, చచ్చిన భాగం మీదుగా అది మెల్లగా మళ్ళీ పాకగలదు. ఏళ్ళు పడుతుంది. ఏడుస్తూ, నవ్వుతూ ఆ మాటే చెప్పాను.

ఆయన భూతద్దం తుడిచి పెట్టెలో పెట్టారు. "అయితే రేపే బయల్దేరమ్మా. నెలకోసారి ఫోటో పంపు. ఆ గోరు పెరిగిందో లేదో నేను చూసి చెబుతాను."