బిందెడు కాలవనీళ్లు

మాది కొత్తపేట దగ్గర. ఇంటి వెనకే కాలవ. నీళ్ల గురించి బెంగపడేవాళ్లు కూడా ఉంటారని పెళ్లయ్యేదాకా నాకు తెలియదు. యాభైల్లో నన్ను కాట్రేనికోన అవతల, సముద్రపు గాలి తగిలే ఊరికిచ్చారు. అక్కడి నూతినీళ్లు ఉప్పన. స్నానాలకు సరే, ఆ నీళ్లతో కందిపప్పు ఎంతసేపు ఉడికించినా పలుకు విడిచేది కాదు. పప్పు లేకపోతే ముద్ద దిగని కొంపలో పుట్టిన నాకది పెద్ద శిక్ష.

వేసవిలో ధవళేశ్వరం దగ్గర కాలవలు కట్టేసేవారు. ఆలోపే మా అత్తగారు కాలవనీళ్లతో బానలన్నీ నింపి, ఇండుపగింజ అరగదీసి నీళ్లు తేర్చి, మూతులకు గుడ్డలు కట్టేసేవారు. దాహమేస్తే కొబ్బరిబొండాలు కొట్టుకునేవాళ్లం గానీ ఆ బానల జోలికి వెళ్తే ఆవిడ ఊరుకునేవారు కాదు.

ఆషాఢం దగ్గరపడింది. కొత్తకోడలు అత్తగారింట్లో ఉండకూడని నెల కదా, నన్ను తీసుకెళ్లడానికి నాన్నగారు వస్తున్నారని కబురొచ్చింది. అప్పటికి ఒక్క బానలో అడుగునే నీళ్లు మిగిలాయి.

"వియ్యంకుడు మొదటిసారి వస్తున్నారు. పలుకుపప్పు పెడితే మన పరువేం కాను?" అంటూ అత్తగారు ఆ అడుగునీళ్లు జాగ్రత్తగా బిందెలోకి వంచి, అరుగు మీద పెట్టి, పప్పుగిన్నె తేవడానికి లోపలికెళ్లారు.

సరిగ్గా అప్పుడే నాన్నగారొచ్చారు. కాలవలు వదిలారు గానీ నీరింకా మా శివారుకు చేరలేదు. ఆయన లాకుల దగ్గర పడవ దిగి నడిచొచ్చారు. మోకాళ్లదాకా దుమ్ము. మా పుట్టింటివైపు అరుగు మీద బిందె ఉందంటే అది చుట్టాల కాళ్లకే. ఆయన కాళ్లు కడిగారు, మొహం కడిగారు, మిగిలిన నీళ్లు మర్యాదగా కొబ్బరిమొక్క మొదట్లో పోశారు.

గుమ్మంలో అత్తగారు గిన్నెతో నిలబడిపోయారు. అయ్యో నాన్నగారూ అనబోయాను. ఆవిడ ఒక్క చూపుతో నా నోరు మూయించారు.

"చల్లగా ఉన్నాయండి నీళ్లు, చెల్లెమ్మగారూ!"

"ఆయ్, మీకోసమే ఉంచేమండి అన్నయ్యగారూ."

భోజనాల దగ్గర మొదటి ముద్దకే నాన్నగారి దవడ ఆగింది. అత్తగారు నెయ్యి వడ్డిస్తూ, "మావైపు పప్పు పలుకుగానే తింటామండి. మెత్తబడితే ఎవరికీ సయించదు" అన్నారు. మామగారు తలెత్తి భార్యను చూసి, ఇంకో గరిటె వేయించుకున్నారు.

విస్తళ్లు తీస్తుండగా వీధిలో కేకలు. నీరొచ్చింది! ఊరు ఊరంతా గట్టు మీదికి పరుగు. ఎండుటాకుల్నీ నురగనీ ముందుకు తోసుకుంటూ, పగుళ్లు నింపుకుంటూ, ఆగి ఆగి వచ్చింది నీరు. అత్తగారు చీర ఎగదోపి దిగిపోయి, దోసిళ్లతో నెత్తిన పోసుకుని నవ్వారు. వెనకే నేనూ దిగాను. అంత సంతోషం నా పెళ్లిలో కూడా ఎరగను. మర్నాడు మా గట్టుకే పడవొచ్చింది.

పుట్టింట్లో అడుగుపెట్టగానే నాన్నగారు అమ్మతో, "అమ్మాయికి పలుకుపప్పు అలవాటయ్యిందే. మెత్తగా ఉడికించి బాధపెట్టకు" అన్నారు. అమ్మ పాపం నామీద ప్రేమకొద్దీ పప్పు సగంలోనే దించేసేది. ఇంటి వెనక తియ్యటి కాలవ నిండుగా పారుతోంది. ఒక్కమాట చెబితే చాలు. చెబితే నాన్నగారికి తలవంపులు, అత్తగారి మాట అబద్ధం. ఆషాఢమంతా కిక్కురుమనకుండా నమిలాను.

శ్రావణంలో తిరిగొచ్చి ఈ సంగతి చెబితే అత్తగారు స్తంభం పట్టుకుని నవ్వారు. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నారు. ఆ పూట వెన్నలా ఉడికిన ముద్దపప్పులో నెయ్యి పోసి, తనే కలిపి, నా చేతిలో ముద్ద పెట్టారు.

"తినవే అమ్మాయ్. ఇది నమలక్కర్లేదు."