థర్జా కొన్న ఇల్లు

హేజల్‌కూమ్‌లో ఎవరైనా తమ ఇల్లు ఎంత పాతదో తెలుసుకోవాలంటే థర్జా దగ్గరికే వెళ్ళాలి. వెళ్ళి నాలుగు చీవాట్లు కూడా తినాలి. మొగుడు పోయాక ఆమెకు పట్టుకున్న పిచ్చి ఒక్కటే. బస్సెక్కి ఎక్సెటర్ రికార్డాఫీసుకు వెళ్ళడం, పాత పటాలు తీయించుకుని ఊళ్ళో ఏ గోడ ఎప్పటిదో, ఆ గోడల మధ్య ఎవరు కాపురమున్నారో తవ్వి తీయడం. మిసెస్ లస్కూమ్ తన ఇల్లు ఏనాటిదో రాజుల కాలం నాటిదని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది. అది మొదట్లో పందుల కొట్టమని థర్జా చర్చి గుమ్మంలో నలుగురి ముందూ తేల్చేసింది. "నాతో కాదు, పటంతో పోట్లాడు" అంది పైగా. ఆ తర్వాత చాలా కాలం వాళ్ళిద్దరికీ మాటల్లేవు.

తన ఇంటి చరిత్ర మాత్రం థర్జా ఎన్నడూ వెతకలేదు. వెతకాల్సిన పనేముంది? తండ్రి రూబెన్ యెల్లండ్ పుట్టింది ఈ ఊరి లార్క్ కాటేజ్‌లో. తాత ఊరి చర్చి మానేసి, దాంతో పడని వేరే శాఖవాళ్ళ చాపెల్‌కు వెళ్తున్నాడని ఇంటి యజమాని అయిన దొరకు కోపమొచ్చి, నట్టచలికాలంలో సంసారాన్ని సామాన్లతో సహా రోడ్డు మీద పెట్టించాడు. రూబెన్ అప్పటికి చిన్నపిల్లవాడు. తర్వాత బతుకంతా పరాయి ఊళ్ళలో పరాయి పొలాలు దున్నాడు. ఆ ఇంటి మాటెత్తితే చాలు, ఆయన లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. అందుకే లార్క్ కాటేజ్ అమ్మకానికి వచ్చిందని పేపర్లో చూసినప్పుడు థర్జా, ఆమె మొగుడు వెనకాముందూ చూడకుండా ఉన్నదంతా ఊడ్చి కొనేశారు. సంతకాలయ్యేదాకా తండ్రికి చెప్పనే లేదు. ఆయన చివరి రోజులన్నీ అక్కడే గడిచాయి. తను జన్మెత్తి చేసిన మంచి పని ఏదైనా ఉంటే అదేనని థర్జా నమ్మకం.

ఈసారి చర్చి కప్పు బాగుచేయించే నిధి కోసం ఊరి హాల్లో పాత ఇళ్ళ ప్రదర్శన తలపెట్టారు, ఒక్కో ఇంటి చరిత్రా ఒక్కో అట్ట మీద రాసి. మొదటి అట్ట తన ఇంటిదే ఉండాలని థర్జా పట్టుబట్టింది. ఊరు చర్చికి పంటలో పదోవంతు చెల్లించే పద్ధతి ఉన్న కాలంలో గీసిన పటం ఒకటుంది. దాన్ని తీయించింది. అందులో ప్రతి జాగాకూ ఒక నంబరు, నంబరు పక్కన అక్కడ కాపురమున్నవాడి పేరు ఉంటాయి. ఇళ్ళ పేర్లుండవు. యెల్లండ్ అన్న పేరు తేలిగ్గానే దొరికింది. ఆ నంబరును పటం మీద వెతికితే వేలు వెళ్ళి సందు చివర, బావి దాటాక వచ్చే మలుపు దగ్గర ఆగింది. తన ఇల్లేమో పల్లంలో, సందు మొదట్లో, బావికి ఇవతల. పటాన్ని తిప్పి చూసింది. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. తన ఇల్లున్న చోట ఎవరో బూట్లు కుట్టేవాడు కాపురమున్నాడు. మలుపు దగ్గర ఇప్పుడున్నది హిల్ వ్యూ, ఆంబ్రోస్ గిడ్లీ ఇల్లు.

తిరుగు బస్సులో ఆమె వేళ్ళ మీద రోజులు లెక్కబెట్టుకుంది. ప్రదర్శన శనివారం. అట్ట పెట్టకపోతే ఊరు ఊరుకోదు, పెడితే అబద్ధమవుతుంది. ఊరి సంగతి అటుంచితే, ఇది నీ ఇల్లేనని చెప్పి తండ్రిని తాను చేర్చింది ఎవరింటికి? ఆమె ఇంటికి వెళ్ళకుండా నేరుగా వెళ్ళి ఆంబ్రోస్ తలుపు తట్టింది.

ఆంబ్రోస్ ఎనభై దాటిన ఒంటరి మనిషి. వంటింట్లో కూర్చుని బూట్లకు నూనె రాసుకుంటున్నాడు.

"ఏం అమ్మాయ్, మొహం అట్లా పాలిపోయింది? బస్సు బోల్తా కొట్టిందా ఏంటి?"

"నీ వేళాకోళం తర్వాత. మా యెల్లండ్‌లు ఉన్నది ఈ ఇంట్లోనా?"

అతను చేతిలో గుడ్డ కింద పెట్టాడు. "పటాలు తిరగేస్తున్నావంటే అనుకున్నాలే, ఎప్పుడో ఒకరోజు ఇక్కడికే వస్తావని."

"మరి నా గుమ్మానికి లార్క్ కాటేజ్ అని ఎందుకుంది?"

"ఈ ఊళ్ళో ఇల్లు మారేవాళ్ళు ఏం చేస్తారు? బోర్డు ఊడదీసి చంకన పెట్టుకుపోతారు. ఇన్నేళ్ళున్నావు, చూళ్ళేదూ? మీవాళ్ళని వెళ్ళగొట్టాక దొర ఈ ఇల్లు మా తాతకిచ్చాడు. మా నాన్నకి పెళ్ళయ్యాక తాత దీన్ని ఆయనకొదిలేసి కింద నీ ఇంట్లోకి మారాడు. గుమ్మానికున్న బోర్డు కూడా పట్టుకుపోయాడు. మీవాళ్ళకేమో, పట్టుకుపోదామన్నా తగిలించుకోడానికి తలుపు లేదాయె."

ఊళ్ళో ప్రతి ఇంటికీ పటం చూసిన మనిషి, తన ఇంటికి మాత్రం బోర్డు చూసి నమ్మింది. థర్జాకు తన మీద తనకే ఒళ్ళు మండింది. ఆ మంటంతా ముసలాయన మీద పడింది.

"అంతా తెలిసి నోరు మూసుక్కూచున్నావా! నా ఇంటికొచ్చి నా టీ తాగుతూ! మా నాన్న ఎవడి కొంపలోనో ప్రాణం వదిలాడయ్యా!"

"అరవకు. మీ నాన్నకీ తెలుసు."

థర్జా వెనక్కి తిరిగి వీధి తలుపు మూసింది.

"వచ్చిన మర్నాడే మెల్లిగా పైకొచ్చాడు. ఆ పొయ్యి రాళ్ళు తడిమి తడిమి పసిపిల్లాడిలా ఏడ్చాడు. మా తాత చేసిన పనికి నేను తలెత్తలేకపోయా. నీకు చెప్పేస్తానన్నా. చేతికర్ర ఎత్తాడు నా మీదకి. 'మా అమ్మాయి చెవిన పడిందో, నీ కాళ్ళు విరగ్గొడతా' అన్నాడు."

"రోజూ సాయంత్రం నువ్వు పులియబెట్టే ఆపిల్ సైడర్ కోసం వస్తున్నాడనుకున్నానే!"

"నా సైడర్ పందులు కూడా ముట్టవు. పొయ్యి పక్కన కాసేపు కూచునేవాడు, చీకటి పడగానే లేచేవాడు. గది ఖాళీగానే ఉంది, ఈ పూట ఇక్కడ పడుకోవయ్యా అన్నానొకసారి. 'ఈ ఇల్లు దొరది. ఉండమంటే ఉన్నాం, పొమ్మంటే పోయాం. నా కూతురింట్లోంచి నన్ను లెమ్మనే మగాడు పుట్టలేదు' అన్నాడు. అనేసి దిగిపోయాడు."

థర్జా అక్కడే, పొయ్యి పక్కన కూలబడి ఏడ్చింది. తండ్రి పోయిన రోజున కూడా ఆమె అంతగా ఏడవలేదు. ఆంబ్రోస్ టీ పెట్టడానికి లేచాడు.

శనివారం హాల్లో మొదటి అట్ట ఆమె ఇంటిదే. బూట్లు కుట్టేవాడి సంగతి, బోర్డు సంగతి, యెల్లండ్‌ల సంగతి అన్నీ ఉన్నదున్నట్టు రాసి పెట్టింది. పాస్టరుగారు చదివి, ఎలా ఓదార్చాలో తెలియక ఆమె పక్కకొచ్చి నిలబడ్డాడు.

"అయితే, మీ నాన్నగారి ఇల్లు ఇది కాదన్నమాట."

"పుట్టిన ఇల్లు కాదండీ" అంది థర్జా. "ఆయన ఇల్లు మాత్రం ఇదే."