రాహేలమ్మ బదులు పలికిన గొంతు

మా పెద్దమ్మ రాహేలమ్మ గొంతు ఎన్నడూ వినని వాళ్ళు ఆమె సినిమా చూసి కళ్ళు తుడుచుకుంటున్నారు. మా కాలేజీ గోడ మీద ఆమె ఫోటో కూడా పెద్దది చేసి పెట్టారు. దాని ముందు నుంచి పోయినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

మాది మంత్రాలయం వైపు పల్లె. వాన పడితే పత్తి, పడకపోతే అదీ లేదు. పత్తి తీతలు అయిపోగానే సగం ఊరు గుంటూరు మిరప చేలకు కూలికి పోతుంది. దాన్ని మేం సుగ్గికి పోవడం అంటాం. ఆ కూలి ముఠాకు పెద్దమ్మే మేస్త్రి. చేను మాట్లాడేదీ, రైతుతో పోట్లాడేదీ, ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేదీ ఆమే. ఈ గట్టు మీద నిలబడి కేకేస్తే ఆ గట్టు దగ్గర వంగిన నడుములు లేవాల్సిందే. "ఏమ్మే గిడ్డమ్మా, కాయ కోస్తాండావా, కాయను బతిమాలుకుంటాండావా?" అని ఆమె అంటే, కోపం రావాల్సిన గిడ్డమ్మే అందరికంటే ముందు నవ్వేది.

లారీ కదిలే ముందు పెద్దమ్మ ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తుంది. పిలిచిన మనిషి తన నోటితో "ఉండా" అనాలి. మొగుడి బదులు పెళ్ళాం పలికినా, బిడ్డ బదులు తల్లి పలికినా ఒప్పుకోదు. ఒకసారి తిరిగొస్తూ డోన్ దగ్గర టీకి ఆగారు. హనుమంతమ్మ ఇంకా ఎక్కనేలేదు. ఎవరో పరాచికానికి ఆమె గొంతు చేసి "ఉండా" అన్నారు. ఊరు చేరి మూటలు దించేదాకా మనిషి లేదని తెలియలేదు. పాపం ఆమె రోడ్డు పక్కన ఏడుస్తూ కూర్చుని ఉందట. అప్పటి నుంచి పెద్దమ్మ మాట ఒకటే. "ఒకరి బదులు ఇంకొకరు పలికేది లేదు."

నేను కర్నూలులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. పోయినేడు మా కాలేజీలో పొట్టి సినిమాల పోటీ పెడితే నలుగురం జట్టు కట్టాం. నందికొట్కూరు వీరభద్ర దర్శకుడు, డోన్ రమణి మాటలు రాసేది, శామ్ కెమెరా, మైకు పట్టుకునేది నేను. సుగ్గి మీద తీద్దామన్నారు. మా ఊరికే పిలుచుకుపోయాను.

పెద్దమ్మ జొన్నరొట్టెల్లోకి ఊరిమిండి పచ్చడి నూరి పెట్టి, వాళ్ళు తింటుండగా అడిగింది. "ఈ సినిమా ఎవురు చూస్తారప్పా?"

"బహుమతులిచ్చే రోజు పెద్ద ఆఫీసరు వస్తాండారు పెద్దమ్మా" అన్నాడు వీరభద్ర.

"అట్లయితే చేస్తా. దుడ్లేం వద్దు. నా మాట ఒకటి దాంట్లో ఉండాల."

ఆ మాట హాస్టల్ గురించి. సుగ్గికి పోయినవాళ్ళ పిల్లలు బడి మానకుండా, ఊరి బడిలోనే ఉంచుకుని అన్నం పెట్టే హాస్టళ్ళు కొన్ని ఊళ్ళలో నడుపుతారు. మా ఊళ్ళో తెరవడం మానేశారు. పెద్దమ్మ మనవరాలు జెస్సీ ఏడో తరగతి. పోయినసారి మిరప చేల నుంచి తిరిగొచ్చేసరికి పరీక్షలు నెత్తి మీదికొచ్చాయి. పుస్తకం తెరిస్తే ఏమీ అర్థం కాక గుక్కపెట్టి ఏడ్చింది. అమ్మా నాయనా అవ్వా అందరూ ఒకే లారీ ఎక్కితే, మా అమ్మ కూడా అదే లారీ ఎక్కితే, పిల్లను ఎవరి దగ్గర వదలాలి? "ఈసారి గూడా నడమల ఇడిస్తే ఇంగ బడికి పోనే పోను" అని జెస్సీ అందరికీ చెప్పేసింది. పట్టుదలలో అవ్వకు తగ్గ మనవరాలు, అన్నంత పనీ చేస్తుంది.

శామ్ కెమెరా పెట్టగానే పెద్దమ్మ, బడిలో తాళం వేసిన హాస్టల్ గది తలుపు ముందు నిలబడి తడుముకోకుండా చెప్పింది. "సారూ, మేము పోయేది పోతాం. కష్టం మాకు కొత్త గాదు. మా పిల్లోళ్ళను మాత్రం మిరప చేన్ల పాలు చేయొద్దండి. హాస్టలు తెరిస్తే ఈడ్నే సదువుకుంటారు. లారీ కదిలే లోపల తెరవండి." ఒక్క దెబ్బకే అయిపోయింది. గాలి చప్పుడు కూడా పడలేదు. నేను చెవులకు పెట్టుకుని విన్నాను కాబట్టి చెబుతున్నా.

తర్వాత నాకు టైఫాయిడ్ వచ్చి ఊళ్ళో పడుకున్నాను. ఆ రోజుల్లోనే మిగతా ముగ్గురూ సినిమా ముగించేశారు.

బహుమతుల రోజు పెద్దమ్మ చర్చికి కట్టే తెల్ల చీర కట్టుకుని, జెస్సీని వెంటబెట్టుకుని వచ్చింది. ముందు వరుసలో కూర్చోబెట్టారు. అదే వరుసలో ఆ ఆఫీసరు. తెర మీద తాళం వేసిన తలుపు వచ్చింది, పెద్దమ్మ వచ్చింది, ఆమె నోరు కదిలింది. వచ్చిన గొంతు రమణిది.

"ఈ మట్టి మా కన్నీళ్ళు తాగి కూడా ఇంకా దాహం అంటోంది బాబూ..."

టీవీ సీరియల్లో అత్తగారు మూర్ఛపోయే ముందు మాట్లాడినట్టుంది. హాస్టల్ లేదు, లారీ లేదు, పిల్లల ఊసే లేదు. జెస్సీ అవ్వ మొహం చూసింది, తెర చూసింది, మళ్ళీ అవ్వ మొహం చూసింది.

నేను పక్కనున్న వీరభద్ర చొక్కా పట్టుకున్నాను. "ఏం చేసినారప్పా ఇది?"

"మన మాట జడ్జీలకు మోటుగా ఉంటాది కృపా. సినిమాల్లో మన యాసకు బాంబులన్నా ఉండాల, కామెడీ అన్నా ఉండాల. ఏడుపుకు పనికిరాదు. ఆ హాస్టలు సంగతి పెడితే అర్జీ మాదిరి ఉంటాది."

ఇదంతా అతను మా మాటలోనే చెప్పాడు! యాడనుంచో వచ్చినవాళ్ళు చేసి ఉంటే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. నందికొట్కూరులో పుట్టినవాడు, డోన్‌లో పుట్టినది, కన్నతల్లులు మాట్లాడే మాటకు సిగ్గుపడి మా పెద్దమ్మ నోరు నొక్కేశారు. ఇంక మనల్ని చిన్నచూపు చూడ్డానికి పరాయివాళ్ళెందుకు?

లైట్లు వెలిగాయి. పెద్దమ్మ లేచి నిలబడింది.

"నా బదులు పలికిందెవురు?"

రమణి తల వంచుకుంది. పెద్దమ్మ ఆఫీసరు వైపు తిరిగింది. "సారూ, నోరు నాదే గాని ఆ మాట నాది గాదు. నేను అడిగింది హాస్టలు." అని, తలుపు ముందు చెప్పిందంతా మళ్ళీ చెప్పింది. ఆ గొంతుకు మైకు అక్కర్లేదు. చివరి వరుస దాకా వినిపించింది.

హాలంతా చప్పట్లు! అదీ కార్యక్రమంలో భాగమే అనుకున్నారు. ఆఫీసరు "ఎంత సహజంగా చెప్పారమ్మా" అంటూ శాలువా కప్పాడు.

"నటన గాదు సారూ, అడుగుతాండా."

"చూద్దాం, తప్పకుండా చూద్దాం" అని ఆయన ఫోటో తీసేవాడి వైపు తిరిగాడు. మాటలకు బహుమతి మా జట్టుకే వచ్చింది. నేను వేదిక ఎక్కలేదు. కిందికి దిగాక వీరభద్ర ఏమన్నాడో తెలుసా? "పెద్దమ్మ లేచి మాట్లాడింది శామ్ తీసుంటే క్లైమాక్సుకు భలే ఉండేది." నా చెయ్యి ఇప్పటికీ దురద పెడుతోంది.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడిగితే చప్పట్లు పెడతారని ఆ రోజే తెలుసుకున్నాను.

హాస్టల్ తెరవలేదు. లారీ వచ్చింది. సాగనంపడానికి నేను ఊరికి పోయాను. మూటలు, బిందెలు, పొయ్యిలోకి కట్టెలు ఎక్కించాక పెద్దమ్మ పేర్లు ఎత్తుకుంది.

"అయ్యన్నా!"

"ఉండా."

"హనుమంతమ్మా!"

"ఉండా మేస్త్రమ్మా."

"జెస్సీ!"

పలుకు లేదు. పిల్ల మూటల మీద కూర్చుని ఉంది. ఒళ్ళో బడి సంచి. మొహం బడి వైపు తిప్పుకుంది.

"జెస్సీ!"

డ్రైవర్ హారన్ కొట్టాడు. "ఎవురో ఒకరు పలకండమ్మా, పొద్దు పోతాండాది." జెస్సీ తల్లి నోరు తెరవబోయింది. పెద్దమ్మ చెయ్యెత్తి ఆపింది.

"దాని నోటితోనే రానీ."

మళ్ళీ పిలిచింది. చేని ఆ గట్టు దాకా వినపడే గొంతు, పక్కనే ఉన్న నాకు సరిగ్గా వినపడలేదు.

"ఉండానవ్వా" అంది జెస్సీ. అంటూనే బడి సంచిని లారీ మీద నుంచి నా కాళ్ళ దగ్గరికి విసిరేసింది.