మిమ్మల్ని కాదండీ

మా ఆవిడ పోయింది. గుండెజబ్బు. తెనాలి నుంచి గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్తుంటే చేబ్రోలు దాటాక ఊపిరి ఆగింది. బంధువులకు ఫోన్లు చేశాను. ఆదివారం మధ్యాహ్నాలు మా ముందుగదిలో చాపల మీద కూర్చుని వెళ్ళిన పిల్లల్లో చాలామంది ఇప్పుడు ఎక్కడెక్కడున్నారో నాకు తెలియదు. వాళ్ళకోసం ఇది రాస్తున్నాను.

ఆమె రేపల్లెలో ఒక డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేది. నాది బాపట్లలో, కాలువల శాఖలో ఉద్యోగం. పొద్దున్నే తెనాలి స్టేషన్‌కి కలిసి వెళ్ళి వేర్వేరు బళ్ళు ఎక్కేవాళ్ళం.

మా వైపు 'అండి' అందరికీ అలవాటే. ఆమెకి మరీను. చిన్నవాళ్ళని 'బాబూ' అనేది గానీ, గుమ్మంలో పడుకున్న పిల్లిని కూడా "కాస్త జరగండి" అనేది. తనతో తాను మాట్లాడుకున్నా అదే మర్యాద. పెళ్ళయిన కొత్తలో ఓ రోజు వంటింట్లో గిన్నె జారిన చప్పుడు, ఆ వెంటనే "చూసుకోవాలి కదండీ" అన్న మాట వినపడ్డాయి. పేపరు పక్కన పెట్టి "నేనేం చేశాను?" అన్నాను.

"మిమ్మల్ని కాదండీ, నన్ను."

ఆ పొరపాటు చివరిదాకా పడుతూనే ఉన్నాను.

తెనాలిలో సందుకో నెట్ సెంటర్ వెలిసిన రోజులవి. ఆమె క్లాసులో ఒక కుర్రాడు రావడం మానేశాడు. ట్రంకుపెట్టెలు చేసే సాయిబుగారి అబ్బాయి, మా ఊరివాడే. స్టేషన్ దగ్గర నెట్ సెంటర్లో తుపాకుల ఆట ఆడుతూ కూర్చుంటున్నాడని తెలిసి, రైలు దిగి భుజాన సంచీతో సహా లోపలికి వెళ్ళిందట.

"మెయిల్ చూసుకోవాలా అమ్మగారూ?" అన్నాడు సెంటరతను.

"లేదు బాబూ, మనిషిని చూసుకోవాలి."

కుర్రాడి పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. వాడు బెదిరి లేవబోతే, "ఆట అవనీ. వంట మధ్యలో లేపితే నాకూ కోపమే" అంది. ఆ తర్వాత వాడికి ఆట సాగలేదు. బయటికొచ్చి చెప్పాడు. "అమ్మీ తల మీద చెయ్యేసి ఒట్టు పెట్టాను మేడం, ఇంక ఆడనని. తప్పాను. మా అబ్బాజాన్ మళ్ళీ పెట్టించాడు. మళ్ళీ తప్పాను. ఇంట్లో మొహం చూపించలేక ఇక్కడికే వస్తున్నా."

ఆ సాయంత్రం ఆమె అన్నం తినలేదు. "ఆడినందుకు సిగ్గు. సిగ్గు మర్చిపోడానికి మళ్ళీ ఆట. ఒట్టు పెట్టినకొద్దీ గొయ్యి లోతవుతోందండీ" అంది.

తర్వాత కొన్నాళ్ళకి గుంటూరులో అధ్యాపకులకి ఒక శిక్షణ పెట్టారు. తప్పు చేసినప్పుడు మనతో మనం ఎలా మాట్లాడుకోవాలన్నది అందులో విషయం. అక్కడ ఇచ్చిన కాగితాల్లో దాన్ని 'స్వీయ కరుణ' అన్నారు. ఆమె చదివి, "మంచి సంగతే. ఈ మాట మాత్రం రేపల్లె ప్యాసింజరు ఎక్కదు" అంది. తన తెలుగులోకి మార్చుకుంది. అలా ఆదివారం క్లాసు మొదలైంది. వచ్చినవాళ్ళందరూ ఆటలకు అతుక్కుపోయి చదువు పోగొట్టుకుంటున్నవాళ్ళే. మొదటి రోజే చెప్పింది. "ఇక్కడ ఒట్లు పెట్టుకోం. తప్పిన మర్నాడు ఏం చేస్తామో నేర్చుకుంటాం."

తమని తాము ఏమని తిట్టుకుంటారో పైకి అనమనేది. "ఒరేయ్ దరిద్రుడా, నీ బతుకింతేరా" అన్నాడొకడు. అదే మాటని ఇంటికొచ్చిన పెద్దమనిషితో అన్నట్టు, అండి పెట్టి అనమంది.

"దరిద్రుడుగారూ, మీ బతుకింతేనండీ" అన్నాడు వాడు. గదంతా నవ్వింది.

"కుదర్లేదు చూశావా? అండి తగిలిస్తే తిట్టు నిలబడదు. నిలబడేదేదో అది చెప్పు."

వాడు చాప మీద సర్దుకుని కూర్చున్నాడు. "నిన్న మీరు మళ్ళీ వెళ్ళారండి. ఇవాళ క్లాసుంది. లేవండి."

"అదీ!" అంది.

సాయిబుగారి అబ్బాయి ఒప్పుకోలేదు. "అంటే నామీద నేనే జాలి పడాలా మేడం?"

"జాలి పడితే పక్కన కూర్చుని ఏడుస్తావు. దయ ఉంటే లేపి మంచినీళ్ళిస్తావు. జాలి వేరు బాబూ, దయ వేరు."

పిల్లల్ని ముద్దుచేసి చెడగొడుతున్నావని నేనూ ఓసారి అన్నాను. "ముద్దుచేస్తే ఆడుకోండి అంటాను. నేను లేవండి అంటున్నాను" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆమె మెత్తన మాటలోనే ఉండేది, పట్టులో కాదు.

ఆ కుర్రాడికి పరీక్షలు బాపట్లలో పడ్డాయి. ఈసారి పోతే చదువు మానిపించి రేకులపనిలో పెడతానని సాయిబుగారు తేల్చి చెప్పేశారు. వాడికి చదువు కావాలి. పరీక్షల ముందురోజు మళ్ళీ నెట్ సెంటర్లో కూర్చున్నాడు. మర్నాడు బాపట్లలో రైలు దిగి, పరీక్షకి వెళ్ళకుండా సూర్యలంక బస్సెక్కాడు. అక్కడినుంచి మా ఇంటికి ఫోన్ చేశాడు. ఆ రోజు ఆమెకి సెలవు, నేనింకా ఆఫీసుకి బయల్దేరలేదు.

"అయిపోయింది మేడం. నావల్ల కాదు." రిసీవర్లోంచి వాడి గొంతు నాదాకా వినిపించింది.

"పక్కన ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

"నువ్వున్నావు కదా. ఆయన పొద్దుట్నుంచీ ఏమీ తిని ఉండరు. టిఫిన్ పెట్టించు. మధ్యాహ్నం రెండో పేపరుంది, ఆయన్ని జాగ్రత్తగా తీసుకొచ్చెయ్."

అవతల అలల చప్పుడు వినపడింది. "సరేనండి" అన్నాడు చివరికి.

ఆమె ఫోన్ పెట్టేసి నావైపు తిరిగింది. "మీరు బాపట్లలో పరీక్ష హాలు గేటు దగ్గర నిలబడండి. ఏమీ అడక్కండి. కనబడితే చాలు" అంది నాతో. వెళ్ళి నిలబడ్డాను. ప్యాంటు అంచులకి తడి ఇసుకతో వాడొచ్చాడు. నాకు నమస్కారం పెట్టి లోపలికి వెళ్ళాడు. ఆ మధ్యాహ్నం రాశాడు, మిగిలినవన్నీ రాశాడు. పోయిన పేపరు తర్వాత కట్టి గట్టెక్కాడు. తర్వాత కూడా అప్పుడప్పుడు ఆడాడు. ఆదివారం వచ్చి దాచకుండా చెప్పేవాడు.

ఆమెను సాగనంపిన రోజు వచ్చినవాళ్ళలో వాడూ ఉన్నాడు. ఇప్పుడు తెనాలిలోనే పిల్లలకి లెక్కలు చెబుతున్నాడు. అందరూ వెళ్ళాక ఆగి, "ఆదివారం క్లాసు ఉంటుందా సార్?" అన్నాడు.

"చెప్పే మనిషి లేదు కదయ్యా."

"చాపలున్నాయి కదండీ. కొత్తగా ఇద్దరు వస్తామంటున్నారు. మొన్ననే ఇంట్లో ఒట్లు పెట్టించారంట."

ఆ మాటతో నాకు రోషం లాంటిది వచ్చింది. ఉంటుందన్నాను. నాకు పాఠం చెప్పడం రాదు. వాడు చెబుతాడు, నేను తలుపు తీస్తాను. ఈ ఆదివారం, వచ్చే ఆదివారం, ఓపికున్నన్నాళ్ళూ.

పోయిన ఆదివారం వాళ్ళందరికీ టీ పెట్టబోయాను. అటు తిరిగి ఇటు తిరిగేలోగా పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది. నామీద నాకు వచ్చిన కోపం నోటిదాకా వచ్చి, మరో మాటగా బయటపడింది.

"చూసుకోవాలి కదండీ."

ముందుగదిలో పాఠం ఆగింది. "నన్నా సార్?" అని వాడు కేకేశాడు.

గుడ్డ తీసుకుని స్టవ్ తుడవడం మొదలుపెట్టాను.

"నిన్ను కాదు బాబూ, నన్ను."