చివరి నల్ల క్లిప్పు

అందరూ ఆయన్ని ఆగుమేస్త్రి అంటారు. దారిలో మొరాయించిన కార్ల దగ్గరికి వెళ్లి వాటిని కదిలించడం ఆయన పని. ఛార్జి అయిపోయి డౌనైన బ్యాటరీకి ఇంకో కారు బ్యాటరీ నుంచి కేబుళ్లు తగిలించేటప్పుడు, ఆఖరి క్లిప్పు పెట్టబోయే ముందు, "ఆగు" అని తనకు తానే పైకి చెప్పుకుంటాడు.

నాలుగేళ్ల కిందట ఒకసారి ఆ మాట అనుకోలేదు. కారు ఓనరు పక్కన నిలబడి గడియారం చూస్తుంటే కంగారుపడ్డాడు. ఆఖరి నల్ల క్లిప్పును సరాసరి డౌనైన బ్యాటరీ మైనస్‌కే తగిలించాడు. రవ్వ లేచింది. బ్యాటరీలోంచి వచ్చే గ్యాసు అంటుకుని మూత ఎగిరింది. యాసిడ్ చిమ్మి ఎడమ కన్ను పోయింది.

ఈ ఏడు కుడి కంటికీ మసక మొదలైంది. లైసెన్సు పొడిగించలేదు. ఆరు నెలలుగా ఫోను వస్తే "కుదరదండీ" అనడమే. ఇంకొన్నాళ్లు ఇలాగే అంటే ఎవరూ ఫోను చేయరు. అందుకే బట్టలు కుట్టుకునే ఆవిడ, ఆయన భార్య, యాభై రెండో ఏట స్టీరింగు పట్టింది.

పరీక్ష రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ ఎత్తు మీద క్లచ్ గభాలున వదిలేసింది, ఇంజను ఆగిపోయింది. మూడోసారీ తప్పితే మళ్లీ రెండు నెలల దాకా రానివ్వరు.

ఆ మూడో పరీక్ష రోజు, పొద్దున ఎనిమిదిన్నరకి తాళం తిప్పితే కారు టిక్కుమని ఊరుకుంది. ముందు రోజు సాయంత్రం ఆవిడ అందులోనే కూర్చుని లైట్లు, వైపర్లు, ఇండికేటర్లు వేస్తూ తీస్తూ రెండు గంటలు సాధన చేసింది. దిగేటప్పుడు లైట్లు ఆర్పడం మర్చిపోయింది.

ఫోను చేస్తే ఆవిడ తమ్ముడు తన కారేసుకుని వచ్చాడు.

"ఏం బావా, లోకంలో బళ్లన్నీ లేపుతావు, నీ ఇంట్లో బండి గుర్రు పెడుతోందే!"

"మీ అక్క జోకొట్టింది," అన్నాడు మేస్త్రి. "రెండు బళ్లూ తగలకుండా పెట్టు. ఇంజను ఆపు. తాళం తీసేయ్."

యాసిడ్ పడకుండా అందరి కళ్లకీ పని అద్దాలు పెట్టించి, టార్చి వేసి బ్యాటరీ చుట్టూ చూశాడు. ఉబ్బలేదు, పగల్లేదు, కారడం లేదు.

"జబ్బేం లేదు. ఆకలి, అంతే."

బామ్మర్ది ఎర్ర క్లిప్పు ఒకటి డౌనైన బ్యాటరీ ప్లస్‌కి, రెండోది తన బ్యాటరీ ప్లస్‌కి పెట్టాడు. నల్లది ఒకటి తన మైనస్‌కి తగిలించాడు. మిగిలిన నల్ల క్లిప్పు పట్టుకుని ఇటు బ్యాటరీ మీదికి వంగాడు.

"ఆగు!"

"టైమవుతోంది బావా."

"ఆ రోజు నాకూ టైమే అయింది."

బామ్మర్ది చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మేస్త్రి తన భార్య వైపు తిరిగాడు.

"నువ్వు పెట్టు. బ్యాటరీకి దూరంగా, ఇంజను మీద రంగు లేని ఆ బోల్టుకి."

"నేనాండీ?"

"నువ్వే. తొందరేం లేదు."

పెట్టింది. బ్యాటరీకి మూరెడు దూరంలో చిన్న రవ్వ మెరిసి ఆరిపోయింది. తమ్ముడు తన కారు ఇంజను స్టార్టు చేసి ఐదు నిమిషాలు ఉంచాక ఆవిడ తాళం తిప్పింది. ఇంజను అందుకుంది. బోల్టు మీది నల్లది ముందు తీసి, పెట్టిన వరుసను తిరగేసి మిగతావీ తీశారు.

"దారిలో ఇంజను ఆపకు," అన్నాడు మేస్త్రి. "ఇరవై నిమిషాల్లో బ్యాటరీ నిండదు. అక్కడ ఆగితే మళ్లీ లేస్తుందని చెప్పలేను."

"పరీక్షకి వెళ్లేదానికి చెప్పే మాటేనా ఇది?"

"చెప్పకపోయినా తిడతావుగా."

తమ్ముడు పక్కన, మేస్త్రి వెనక కూర్చుంటే ఆవిడే నడిపింది. పరీక్ష మైదానంలో వాళ్లిద్దరూ దిగారు, ఇన్‌స్పెక్టర్ ఎక్కాడు. ఎత్తు మీద బండి నిలిపి, మళ్లీ ముందుకు పోనివ్వమన్నాడు.

ఆవిడ కాలు క్లచ్ మీదుంది.

"ఆగు," అంది.

"ఎవరు, నేనా?"

"నా కాలండీ."

కాలు సగంలో ఆగింది. ఇంజను గొంతు బరువెక్కేదాకా అలాగే పట్టి, తర్వాత మెల్లగా వదిలింది. కారు పైకి కదిలింది. ఇన్‌స్పెక్టర్ కాగితం మీద పాస్ అని రాసి, తల ఊపాడు.

ఇంటికొచ్చేటప్పుడు మలుపులో వెనక ఎవరో హారన్ కొట్టారు. ఆవిడ ఉలిక్కిపడి క్లచ్ వదిలేసింది. ఇంజను ఆగిపోయింది. తాళం తిప్పింది. లేచింది.

"నేర్చుకుందక్కా నీ బండి," అన్నాడు తమ్ముడు.

వెనక సీట్లో మేస్త్రి ఫోను మోగింది. ఎవరిదో కారు, ఆసుపత్రి గేటు దగ్గర ఆగిపోయిందట.

"వస్తున్నాం," అన్నాడు మేస్త్రి. "మేమొచ్చేదాకా ఏమీ ముట్టుకోకండి."