మోగించి అమ్మేవాడు

కుండలాయన సంతలో ఏ కుండనూ మోగించి వినకుండా అమ్మడు. గొంతుకూర్చుని, కుండను మోకాలికి ఆనించి, చెవి వంచి, వంకరపోయిన చూపుడువేలి మెటికతో మూడుసార్లు కొడతాడు. ఖంగుమంటేనే కొనేవాళ్ళ చేతికిస్తాడు. ఈ వారం ఎదురుగా ప్లాస్టిక్ బిందెల వ్యాను వచ్చి ఆగింది. దాని మైకు ఊపిరి తిప్పుకోకుండా అరుస్తోంది. పొద్దు నడినెత్తికొచ్చినా ఒక్క కుండ కదల్లేదు. చివరికి ఒకావిడ వచ్చి పెద్ద కుండ ఎంచుకుంది. ఆయన కొట్టాడు. వినపడలేదు. మళ్ళీ కొట్టాడు. "ఇచ్చెయ్ బాబాయ్, ఎండ మాడ్చేస్తోంది," అందామె, ఒక కన్ను బిందెల మీద వేసి.

ఆయన లేచి తిన్నగా వ్యాను దగ్గరికి నడిచాడు. కొట్లాట ఖాయమనుకుని చుట్టుపక్కలవాళ్ళు బేరాలాపి చూశారు. "ఒక్క నిమిషం ఆపు నాయనా. నా కుండ నాకు వినపడట్లేదు." వ్యానువాడు ఎగాదిగా చూసి, ఏమనుకున్నాడో, మైకు కట్టేశాడు. సంతంతా చెవులు రిక్కించింది. మెటిక తగిలింది. కుండ బొంగురుగా పలికింది, అందరికీ వినపడేలా. ఆయన తొణకలేదు. దాన్ని పక్కనపెట్టి ఇంకోటి తీసి కొట్టాడు. ఖంగుమంది. "ఇది పట్టుకెళ్ళు తల్లీ." ఆమె కుండ చంకనెత్తుకుని వెళ్ళింది. వ్యానువాడి వేలు మైకు మీట మీదే ఉండిపోయింది. "మా ఇంటికీ ఒకటి మోగించు బాబాయ్," అన్నాడు కాసేపటికి. "అప్పటిదాకా మైకు వెయ్యనులే."