తెంపని తంగేడు

నా నోరు ఊరుకోదు. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపులో పనిచేసిన రోజుల్లో, బిల్లు అయ్యేలోపు వచ్చినవాళ్ళ ఇంట్లో పెళ్ళి ఎవరిదో, పెళ్ళికొడుకు ఏం చేస్తాడో నాకు తెలిసిపోయేది. అలాంటిదాన్ని, ఆ శ్రావణంలో దవాఖాన నుంచి ఇంటికి వచ్చాక మాట మానేశాను. నెలలు నిండకముందే బిడ్డ కడుపులోనే పోయింది. గుడ్డలో చుట్టి, నాకు ఒక్కసారి ముఖం చూపించి, మా ఆయన చేతికి ఇచ్చారు. ఇంటికొచ్చిన మర్నాడు నాకు పాలు పడ్డాయి. తాగేవాళ్ళు లేరని ఒంటికి తెలియదు కదా.

పలకరించడానికి వచ్చినవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు.

"చిన్నదానివే, ఏడాది తిరిగేసరికి మళ్ళ ఎత్తుకుంటవ్."

"ఊపిరే తీస్కోలే గదనే, గింత ఏడుపేంది?"

"షాపుల పొద్దంత నిలబడి నిలబడి గట్లయింది. మేం చెప్తే ఇంటివా?"

ఆ చివరి మాట మాత్రం నాలో దిగబడిపోయింది.

బతుకమ్మ దగ్గర పడింది. మేముండేది బడంగ్‌పేట్ చివర్న. మా గల్లీ దాటితే అన్నీ ఖాళీ ప్లాట్లు, హద్దురాళ్ళ మధ్య తంగేడు పొదలు. ఏటా పువ్వు కోసుకొచ్చి మా ఇంట్లో బతుకమ్మ పేర్చేది నేనే. పక్కింటి అక్క సంచి పట్టుకుని వచ్చింది.

"లే పిల్లా, పోదాం పా. నువ్వు లేకపోతె దారి పొంటి ముచ్చట్లు ఎవలు చెప్తరు? పువ్వు తెంపితె జర మనసు తేలికైతది."

పిలిస్తే కాదనడం నాకు చేతకాదు. లేచి చెప్పులు వేసుకున్నాను కూడా. అప్పుడు వంటింట్లోంచి మా అత్తమ్మ వచ్చింది. ఆమె తీరు నాకు పూర్తిగా ఎదురు, అవసరమైతే తప్ప నోరు తెరవదు.

"ఈ ఏడు మా ఇంట్ల బతుకమ్మ లేదు" అంది.

"అదేందత్తా?"

"ఇంట్ల మనిషి పోయింది."

అక్కకు కాసేపు అర్థం కాలేదు. "గా పసిగుడ్డు కోసమా? పేరన్న పెట్టకపోతిరి! గట్ల యాడన్న ఉన్నదా?"

"యాడున్నదో లేదో నాకెర్కలేదు. పోయింది నా మనుమరాలు. ఏడాది దాక పండుగ లేదు. నువ్వు పోయి తెచ్చుకో బిడ్డా."

మా వైపు ఇంట్లో మనిషి పోతే ఆ ఏడాది బతుకమ్మ పేర్చరు. కానీ పుట్టకముందే పోయిన బిడ్డకు ఎవరూ పండుగ ఆపగా నేను చూడలేదు. నా కూతురిని ఒక మనిషిగా లెక్కపెట్టింది మొదట అత్తమ్మే. నేను గడప మీద కూలబడి గల్లీ అంతా వినిపించేలా ఏడ్చాను. ఆమె ఊరుకోమని అనలేదు. పక్కన కూర్చుంది, అంతే.

మా ఇంటి వెనక ప్లాటులో ఉన్న పొదను మేమే కోసుకుంటామని అందరికీ తెలుసు. ఆ ఏడు మిగతా పొదలన్నీ బోడి అయినా దాన్ని మాత్రం ఎవరూ ముట్టలేదు. వదిలేయమని పక్కింటి అక్కే అందరికీ చెప్పిందట. మైకులో పాటలు వినలేక నేను పొద్దున్నే వెళ్ళి ఆ పొద దగ్గర కూర్చునేదాన్ని. పండుగ అయిపోయాక కూడా వెళ్ళడం మానలేదు.

చిన్నప్పటి నుంచి తంగేడు తెంపుతూనే ఉన్నాను. తెంపకపోతే ఆ పువ్వు ఏమవుతుందో ఎప్పుడూ చూడలేదు. తుమ్మెదలు వచ్చాయి. పసుపు రేకులు రాలిపోయాయి. పువ్వు ఉన్నచోట కొడవలిలా వంగి సన్నటి పచ్చని కాయ వచ్చింది. చలికాలానికి కాయలు పలచగా, గోధుమ రంగుకు ఎండి, గాలికి గలగలమన్నాయి.

ఒలిచి చూస్తే కొన్నింట్లో గింజలు వరసగా ఉన్నాయి. కొన్నింట్లో ఏమీ లేదు, గింజ పట్టాల్సిన చోట్లు ఉత్తగా ఉన్నాయి. అదే పొద, అదే మట్టి, అదే ఎండ. నువ్వేం తప్పు చేశావని ఆ పొదను ఎవరూ అడగరు. ఆ ఉత్త కాయను ఎంతసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నానో! "నిలబడి నిలబడి" అన్న మాట బరువు ఆ రోజు కొంచెం తగ్గింది. పూర్తిగా పోలేదు. తగ్గింది.

ఎండాకాలంలో ఆ ప్లాటు అమ్ముడుపోయింది, జేసీబీ వచ్చి పొదను పెకలించింది. అప్పటికే నేను గింజలు దాచుకున్నాను. పాల ప్యాకెట్లలో మట్టి నింపి పెడితే ఒక్కటీ మొలవలేదు. ఇవీ పోతాయా అని భయం పట్టుకుంది. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర హైవే పక్కన ఒక నర్సరీ ఉంటే బస్సెక్కి వెళ్ళాను. దాని యజమాని గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడినాయన. తంగేడు గింజలు మొలవట్లేదని చెబితే నవ్వాడు.

"అందరూ గులాబీలడుగుతారు. నువ్వేంటమ్మా, రోడ్డు పక్కన మొక్కనడుగుతున్నావు?"

"బతుకమ్మకు సార్. మా దిక్కు ప్లాట్లన్ని ఇండ్లయితున్నయ్. రేపటికి పువ్వు యాడికెళ్లి ఒస్తది?"

ఆయన నవ్వు ఆపాడు. "దాని తొక్క గట్టిది. వేడినీళ్ళు పోసి రాత్రంతా నాననివ్వు. ఓపికుంటే మొలకలిక్కడికే తీసుకురా, చూద్దాం."

మొలిచాయి. తీసుకెళ్ళాను. ఆయన చోటిచ్చి, తర్వాత పని కూడా ఇచ్చాడు. ఇప్పుడు మొలకలు పెంచేది నేనే. అక్కడ కూడా వచ్చినవాళ్ళతో నా ముచ్చట్లు ఆగవు, సార్ విసుక్కుంటాడు.

మొన్న ఎల్బీ నగర్ నుంచి ఒకామె వచ్చి, మా తంగేడు మొక్కలు చూసి సంబరపడింది. డబ్బాలో పెట్టి ఇస్తూ మాట్లాడుతుంటే, అందరూ అడిగేదే అడిగింది.

"పిల్లలెందరమ్మా నీకు?"

ఇంతకుముందు అయితే లేరని తల తిప్పుకునేదాన్ని.

"ఒక బిడ్డ ఉండె అక్కా. పుట్టకముందే పోయింది."

ఆమె మొక్క మొదట్లో మట్టిని వేలితో అదిమింది. తర్వాత మెల్లగా అడిగింది.

"ఎవరి పోలికనమ్మా?"

నన్నెవరూ అది అడగలేదు అప్పటిదాకా.

"మా అత్తమ్మ పోలికనే అక్కా" అన్నాను. "గదే నొసలు, గదే ముక్కు."